ఉపాధ్యాయుల ఉమ్మడి చదువు



మన గుంటూరు, ప్రకాశము సీమలలోని పెక్కు ఉన్నత పాఠశాలలకు 2023 నుండి వ్రేలితో వ్రాయదగిన పెద్ద తెరలు వచ్చినవి. వానిని నేర్చుకొనుటకు పంతుళ్లు బడి విడిచి సమావేశములకేల పోవలెనని మీరడుగుచున్నారు. న్యాయమైన ప్రశ్నయే.

మిరపచేనికి క్రొత్త మందుపంపు కొన్న రైతు పుస్తకము చదివి నేర్చెనా? ప్రక్కచేనివాని చేత చూచి నేర్చెను. ఉన్నత పాఠశాలతో చుట్టుపట్ల బడులను సముదాయముగా కూర్చవలెనని కొఠారీ సంఘము 1966 నాటి నివేదికలోనే చెప్పినది. 1980లలో ఆరంభమైన ఆంధ్రప్రదేశ ప్రాథమికవిద్యా పథకము, బ్రిటిషువారి సాయముతో, ఉపాధ్యాయ కేంద్రములనే నెలకొల్పినది.

కూటములో ఒకరు తెరపై త్రిభుజము గీయుదురు. వేఱొకరు కోణములను కదల్చి చూపుదురు. మీట తెలియని వృద్ధుడు పడుచువానిని అడుగును. పిల్లలను ప్రశ్నించు నేర్పును ఆ పడుచువాడు వృద్ధునివద్ద గ్రహించును. (ఈ రెండవదే గొప్పదని నా తలంపు.) ఒంటరిగా నున్నవాడు చెడిపోవునేమో యను భయమున తెర ముసుగే తీయడు.

పత్తితీతలకు పోయి బడి మానిన పిల్లవానికి, తెరలో భద్రపఱచిన పాఠమును మరల చూపవచ్చును. సమావేశమునుండి వచ్చిన పంతులుగారిని, "అయ్యా, నేర్చినది మా పిల్లలకు ఏనాడు చూపెదరు?" అని అడుగుడు.