ఒకే కోర్టు.. ఇద్దరి లెక్క: డబుల్స్ టెన్నిస్ జీవితం ఎలా సాగుతుంది?

ఆదోని, ఎమ్మిగనూరు: టెన్నిస్ అనగానే ఒకరితో ఒకరు తలపడే సింగిల్స్ పోరే చాలామందికి స్ఫురిస్తుంది. హైదరాబాద్‌లో పెరిగిన సానియా మీర్జా ప్రపంచ నంబర్ వన్ పీఠం ఎక్కింది మాత్రం డబుల్స్‌లో. సింగిల్స్‌లో ఆమె అత్యుత్తమ ర్యాంకు 27. డబుల్స్‌లో 91 వారాల పాటు అగ్రస్థానంలో ఉన్నారు. ఒకే క్రీడాకారిణి, ఒకే రాకెట్, రెండు వేర్వేరు ఫలితాలు. ఈ తేడా ఎలా వచ్చిందో తెలిస్తే డబుల్స్ నిపుణుల వృత్తి ఎలా నడుస్తుందో అర్థమవుతుంది. కరవు, వలసలు ఎరిగిన పశ్చిమ కర్నూలులో పిల్లల చేతికి రాకెట్ ఇవ్వాలంటే ఇంటి ఖర్చులో ఎక్కడో ఒకచోట కోత పెట్టుకోవాలి. అందుకే పతకాల జాబితా కన్నా ఈ వృత్తిలోని లెక్కలు తెలుసుకోవడం తల్లిదండ్రులకు ఎక్కువ అవసరం.

కోర్టు పెరుగుతుంది.. బాధ్యత మారుతుంది

షటిల్ ఆడేవారికి డబుల్స్ కొత్త కాదు. టెన్నిస్‌లోనూ మూలసూత్రం అదే. సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు. డబుల్స్‌లో ఇరుపక్కలా నాలుగున్నర అడుగుల చొప్పున కలిసి 36 అడుగులవుతుంది. పొడవు 78 అడుగులు మారదు. నలుగురూ వంతులవారీగా ఒక్కో గేమ్ సర్వీసు చేస్తారు. అంటే ఒక్కొక్కరికి నాలుగు గేమ్‌లకు ఒకసారి మాత్రమే సర్వీసు వంతు వస్తుంది. సర్వీసును ఎదుర్కొనేటప్పుడు కుడి గడి ఎవరిది, ఎడమ గడి ఎవరిది అన్నది సెట్ ఆరంభంలోనే నిర్ణయించుకుని ఆ సెట్ ముగిసేవరకు పాటించాలి.

భాగస్వామి సర్వీసు చేస్తుండగా రెండోవారు నెట్ దగ్గర నిలబడతారు. ప్రత్యర్థులకు కనపడకుండా చేతిని వెనక్కి పెట్టి వేళ్లతో సైగ చేస్తారు. తాను అడ్డంగా దూకి బంతిని అడ్డుకుంటానో, ఉన్నచోటే ఉంటానో ఆ సైగ చెబుతుంది. దాన్నిబట్టే సర్వీసు ఏ మూలకు వేయాలో తేలుతుంది. సింగిల్స్‌లో మాదిరిగా సుదీర్ఘంగా సాగే ర్యాలీలు ఇక్కడ తక్కువ. మొదటి మూడు నాలుగు దెబ్బల్లోనే చాలా పాయింట్లు ముగుస్తాయి. కాళ్ల ఓపిక కన్నా చేతి వేగం, నెట్ వద్ద నేర్పు, ఎదుటివారి ఆలోచనను ముందే పసిగట్టే తెలివి ఎక్కువ ఫలితాన్నిస్తాయి.

గ్రాండ్‌స్లామ్‌లు మినహా అంతర్జాతీయ టూర్ టోర్నీల్లో 2000 దశకం మధ్య నుంచి డబుల్స్ నిబంధనలను కుదించారు. స్కోరు 40-40 అయితే ఒకే ఒక్క పాయింటుతో గేమ్ తేలిపోతుంది. ఇరుజట్లు చెరో సెట్ గెలిస్తే మూడో సెట్‌కు బదులు పది పాయింట్ల టైబ్రేక్ ఆడిస్తారు. దీనివల్ల మ్యాచ్‌లు త్వరగా ముగుస్తాయి. ఒకటి రెండు పాయింట్లకే ఫలితం తలకిందులయ్యే అవకాశమూ ఉంటుంది. అందువల్ల ఒత్తిడిలో చేయి వణకని జోడీకే ఇక్కడ మనుగడ.

గాయాలు చూపిన దారి

సానియా 2003లో ప్రొఫెషనల్‌గా మారారు. అదే ఏడాది రష్యాకు చెందిన అలీసా క్లెబనోవాతో కలిసి వింబుల్డన్ బాలికల డబుల్స్ టైటిల్ గెలిచారు. 2004లో హైదరాబాద్‌లో జరిగిన డబ్ల్యూటీఏ టోర్నీలో లీజెల్ హ్యూబర్‌తో కలిసి తొలి డబుల్స్ టైటిల్ అందుకున్నారు. 2005లో అదే టోర్నీలో సింగిల్స్ విజేతగా నిలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారత మహిళ అయ్యారు. ఆ ఏడాదే యూఎస్ ఓపెన్ సింగిల్స్‌లో నాలుగో రౌండ్ చేరారు. 2007 ఆగస్టులో 27వ ర్యాంకుకు ఎదిగారు.

ఆ తరువాత శరీరం సహకరించలేదు. మణికట్టు గాయానికి 2008లో శస్త్రచికిత్స చేయించుకోవాల్సి వచ్చింది. మోకాళ్లూ ఇబ్బంది పెట్టాయి. ఆమె ఫోర్‌హ్యాండ్ ప్రపంచంలోనే బలమైన వాటిలో ఒకటిగా పేరొందగా, సర్వీసు, కోర్టంతా పరుగెత్తే వేగం మాత్రం సింగిల్స్‌లో లోపాలుగా కనిపించేవి. డబుల్స్‌లో ఈ లెక్క మారిపోయింది. నాలుగు గేమ్‌లకు ఒకసారి వచ్చే సర్వీసు, సగం కోర్టు కాపలా, ఫోర్‌హ్యాండ్‌కు పుష్కలంగా అవకాశాలు.. ఇవన్నీ ఆమెకు కలిసొచ్చాయి. 2013లో సింగిల్స్‌కు స్వస్తి పలికి డబుల్స్‌కే పరిమితమయ్యారు. అప్పటికి మహేశ్ భూపతితో కలిసి 2009 ఆస్ట్రేలియన్ ఓపెన్, 2012 ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ టైటిళ్లు ఆమె ఖాతాలో ఉన్నాయి. 2014లో బ్రెజిల్ ఆటగాడు బ్రూనో సోరెస్‌తో కలిసి యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ టైటిల్‌ను కూడా జత చేసుకున్నారు.

భాగస్వామే సగం ఆట

ఎమ్మిగనూరు మగ్గంపై పడుగు ఎంత గట్టిదైనా పేక పడనిదే బట్ట తయారు కాదు. డబుల్స్ జోడీ కూడా అంతే. ఇద్దరు గొప్ప ఆటగాళ్లను ఒకచోట చేర్చినంత మాత్రాన విజయాలు రావు. ఒకరి లోటును మరొకరు పూడ్చగలగాలి. జింబాబ్వేకు చెందిన కారా బ్లాక్‌తో ఆడిన సానియా 2014 సీజన్ ముగింపు టోర్నీ అయిన డబ్ల్యూటీఏ ఫైనల్స్‌ను గెలిచారు. బ్లాక్‌తో ప్రయాణం ముగిశాక కొద్దికాలం వేరే భాగస్వాములతో ఆడి, 2015 మార్చిలో స్విట్జర్లాండ్ దిగ్గజం మార్టినా హింగిస్‌తో జత కట్టారు.

బేస్‌లైన్ నుంచి సానియా ఫోర్‌హ్యాండ్ దాడి చేస్తే, నెట్ దగ్గర హింగిస్ చాకచక్యం పాయింటును ముగించేది. ఇద్దరూ కలిసి ఆడిన మొదటి మూడు టోర్నీలు.. ఇండియన్ వెల్స్, మయామి, చార్లెస్టన్.. మూడింటా వారిదే టైటిల్. చార్లెస్టన్ విజయంతో 2015 ఏప్రిల్ 13న సానియా డబుల్స్ నంబర్ వన్ అయ్యారు. అదే ఏడాది వింబుల్డన్ ఫైనల్లో రష్యా జోడీ మకరోవా, వెస్నినాలతో తొలి సెట్ ఓడి, నిర్ణాయక మూడో సెట్‌లో 2-5తో వెనుకబడి కూడా 5-7, 7-6, 7-5తో గట్టెక్కారు. తరువాత యూఎస్ ఓపెన్, 2016 ఆరంభంలో ఆస్ట్రేలియన్ ఓపెన్ కూడా వారికే దక్కాయి. వరుసగా 41 మ్యాచ్‌ల్లో ఓటమి లేకుండా సాగిన ఆ జైత్రయాత్ర 2016 ఫిబ్రవరిలో దోహాలో ఆగింది. మొత్తం 14 టైటిళ్లు కలిసి సాధించారు.

ఇంతటి జోడీ కూడా 2016 ఆగస్టులో విడిపోయింది. ఫలితాలు తగ్గితే భాగస్వామిని మార్చుకోవడం ఈ వృత్తిలో సహజం. విడిపోయిన వెంటనే జరిగిన సిన్సినాటి టోర్నీ ఫైనల్లో సానియా, చెక్ క్రీడాకారిణి బార్బొరా స్ట్రికోవాతో కలిసి హింగిస్ జోడీనే ఓడించారు. నిన్నటి భాగస్వామి నేటి ప్రత్యర్థి కావడం డబుల్స్ నిపుణులకు నిత్యకృత్యం.

ర్యాంకు ఒక్కరిది.. ప్రవేశం ఇద్దరిది

డబుల్స్ ర్యాంకు జోడీకి కాకుండా ఎవరిది వారికే ఉంటుంది. గెలిచిన పాయింట్లు ఇద్దరికీ సమానంగా చేరి, 52 వారాల తరువాత కరిగిపోతాయి. టోర్నీలో ప్రవేశానికి మాత్రం ఇద్దరి ర్యాంకులను కూడి చూస్తారు. ఉదాహరణకు 90, 110 ర్యాంకుల వారు జత కడితే మొత్తం 200. అలాగే 20, 180 ర్యాంకుల వారు కలిసినా మొత్తం 200 అవుతుంది. మొత్తం ఎంత తక్కువగా ఉంటే పెద్ద టోర్నీలో చోటు అంత సులువు. అందుకే ర్యాంకు పడిపోయినవారికి మంచి భాగస్వామి దొరకడం కష్టమవుతుంది. భాగస్వామి దొరకకుంటే టోర్నీ దొరకదు, టోర్నీ లేకుంటే ర్యాంకు పెరగదు. కొత్తగా వచ్చేవారు ముందుగా ఎదుర్కొనే చిక్కుముడి ఇదే. చిన్నస్థాయి ఐటీఎఫ్ టోర్నీలు, పురుషుల్లో ఛాలెంజర్ టోర్నీలు ఆడుతూ ఏళ్ల తరబడి పాయింట్లు కూడబెట్టుకోవడమే దీనికి విరుగుడు.

కీర్తికి, రాబడికి మధ్య దూరం

డబుల్స్‌లో కీర్తి వచ్చినంతగా డబ్బు రాదు. 2015 వింబుల్డన్‌లో సింగిల్స్ విజేతకు 18.8 లక్షల పౌండ్లు ఇవ్వగా, డబుల్స్ విజేత జోడీకి ఇచ్చింది 3.4 లక్షల పౌండ్లు. ఇద్దరూ పంచుకుంటే ఒక్కొక్కరికి 1.7 లక్షలు. అంటే సింగిల్స్ విజేత సొమ్ములో దాదాపు పదకొండో వంతు. అగ్రస్థాయిలోనే ఈ తేడా ఉంటే కింది స్థాయి సంగతి చెప్పనవసరం లేదు. అక్కడ దక్కే ప్రైజ్‌మనీ విమాన ఛార్జీలు, బస, కోచ్ జీతం, ఫిజియో ఖర్చుల ముందు నిలవదు.

డబుల్స్‌కు గౌరవం తగ్గుతోందన్న ఆవేదన కూడా నిపుణుల్లో ఉంది. 2025 యూఎస్ ఓపెన్‌లో మిక్స్‌డ్ డబుల్స్‌ను 16 జోడీలకు కుదించి, ప్రధాన టోర్నీకి ముందే నిర్వహించారు. చోట్లలో అధిక భాగం సింగిల్స్ తారలకే దక్కింది. అయినా చివరికి టైటిల్‌తో పాటు పది లక్షల డాలర్లను గెలిచింది ఇటలీకి చెందిన డబుల్స్ నిపుణులు సారా ఎరానీ, ఆండ్రియా వవసోరి. 2024లోనూ ఆ టైటిల్ వారిదే. పేరున్న సింగిల్స్ ఆటగాళ్లు కలిసినంతనే డబుల్స్ జోడీ అయిపోదని ఆ ఫలితం చాటింది.

డబుల్స్‌కు ఉన్న పెద్ద వరం ఆయుష్షు. కర్ణాటకలోని కొడగు ప్రాంతం నుంచి వచ్చిన రోహన్ బోపన్న 2024లో మాథ్యూ ఎబ్డెన్‌తో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ పురుషుల డబుల్స్ గెలిచి తొలిసారి నంబర్ వన్ అయ్యారు. అప్పటికి ఆయన వయసు 43 ఏళ్లు. సానియా సైతం 2018లో తల్లయిన తరువాత తిరిగి రాకెట్ పట్టి, 2020 జనవరిలో హోబర్ట్ టోర్నీ గెలిచారు. 2023 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో బోపన్నతో కలిసి మిక్స్‌డ్ ఫైనల్ ఆడి, ఫిబ్రవరిలో దుబాయ్‌లో ఆటకు వీడ్కోలు పలికారు. అప్పటికి ఆమె ఖాతాలో 43 డబ్ల్యూటీఏ డబుల్స్ టైటిళ్లు, ఆరు గ్రాండ్‌స్లామ్‌లు ఉన్నాయి.

మరికొందరు మనవారు

ఈ బాటలో నడిచిన తెలుగువారు ఇంకా ఉన్నారు. అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయం తరఫున ఆడుతూ చదువుకున్న సాకేత్ మైనేని 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం సాధించారు. 2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో రామ్‌కుమార్ రామనాథన్‌తో కలిసి రజతం గెలిచారు. విష్ణువర్ధన్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో లియాండర్ పేస్‌కు జోడీగా బరిలో దిగారు. హైదరాబాద్‌కు చెందిన రిత్విక్ చౌదరి బొల్లిపల్లి 2024లో అర్జున్ కాధేతో కలిసి ఆల్మటీలో, 2025లో నికోలస్ బారియెంటోస్‌తో కలిసి చిలీలోని శాంటియాగోలో ఏటీపీ టైటిళ్లు గెలిచారు.

తల్లిదండ్రులు గమనించాల్సినవి

డబుల్స్ సులువు కదా, అటే వెళదామని చిన్ననాడే నిర్ణయించడం పొరపాటు. అంతర్జాతీయ జూనియర్ ర్యాంకింగ్‌లో డబుల్స్ పాయింట్లలో నాలుగో వంతు మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. సానియా, సాకేత్, బోపన్న అందరూ సింగిల్స్‌లో ఆట దిద్దుకున్నవారే. సర్వీసు, రిటర్న్, వాలీలకు పునాది అక్కడే పడుతుంది. అఖిల భారత టెన్నిస్ సంఘం అండర్-12, 14, 16, 18 విభాగాల్లో నిర్వహించే ర్యాంకింగ్ టోర్నీలు తొలిమెట్టు. వాటిలో సింగిల్స్‌తో పాటు డబుల్స్‌లోనూ పేరు నమోదు చేయించుకుంటే అదే ప్రయాణ ఖర్చుతో మరికొన్ని మ్యాచ్‌లు దక్కుతాయి. సింగిల్స్‌లో తొలిరౌండ్‌లోనే ఓడినా పిల్లలు ఉత్త చేతులతో ఇంటిముఖం పట్టనవసరం ఉండదు.

చదువును మధ్యలో వదిలేయడం రెండో పొరపాటు. సాకేత్ మాదిరిగా విశ్వవిద్యాలయ స్థాయిలో ఆడుతూ పట్టా పొందే మార్గం ఉంది. ఆట కలిసిరాకపోయినా ఆ పట్టా చేతిలో మిగులుతుంది. మూడోది ఆరోగ్యం. సానియా మణికట్టు, మోకాళ్లు చెప్పిన పాఠం చిన్నది కాదు. నొప్పిని దాచుకుని ఆడమని పిల్లలను ఒత్తిడి చేయరాదు.

ఆదోనిలో పత్తి వ్యాపారమైనా, ఎమ్మిగనూరులో నేత పనైనా పెట్టుబడి ఎంత, రాబడి ఎప్పుడు అన్న లెక్క చూడనిదే ఎవరూ దిగరు. టెన్నిస్‌కూ అదే జాగ్రత్త వర్తిస్తుంది. ఎన్నేళ్ల వరకు ఎంత ఖర్చు భరించగలమో, ఏ వయసుకు ఏ స్థాయి చేరకుంటే చదువు వైపు పూర్తిగా మళ్లించాలో ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి. ఆ తరువాత సింగిల్స్‌లో కొంత తడబడినా నెట్ దగ్గర చేతివాటం, తోటివారితో ఇమిడే గుణం ఉన్న బిడ్డకు డబుల్స్ తలుపు తెరిచే ఉంటుంది. 27వ ర్యాంకు దగ్గర ఆగిన సానియాను నంబర్ వన్ చేసింది ఆ తలుపే.