తెల్లబోయిన ఆకాశం: ఫోన్‌తో ల్యాండ్‌స్కేప్ తీసేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఎక్స్‌పోజర్

అనంతగిరి గుట్టల వ్యూ పాయింట్ దగ్గర తీసిన నా మొదటి ఫోటోలు ఇప్పటికీ ఎవరికీ చూపించలేదు. వానాకాలం, పొద్దున ఏడు గంటలు. కింద లోయంతా పచ్చగా, పైన మబ్బులు పొరలు పొరలుగా ఉన్నాయి. ఇంటికొచ్చి చూస్తే అడవి బాగానే వచ్చింది. ఆకాశం ఉండాల్సిన చోట మాత్రం తెల్ల కాగితం అతికించినట్టుంది. 50 మెగాపిక్సెల్ కెమెరా కదా, ఎడిటింగ్‌లో చూసుకోవచ్చులే అనుకున్నా. హైలైట్స్ స్లైడర్ చివరిదాకా లాగితే తెలుపు కాస్తా బూడిద రంగైంది తప్ప ఒక్క మబ్బు కూడా వెనక్కి రాలేదు.

కొత్త ఫోన్ కొన్న ఫ్రెండ్స్ నన్ను ఎక్కువగా అడిగేది కూడా ఇదే. 'అన్నా, ఆకాశం డల్‌గా వస్తోంది, ఏ యాప్ వాడాలి?' యాప్ సంగతి తర్వాత. అక్కడ మబ్బులు ఉండీ ఫోటోలోకి రాలేదా, లేక ఆ రోజు అసలు ఆకాశంలోనే ఏమీ లేదా? ముందు అది తేల్చుకోవాలి. స్క్రీన్ మీద రెండూ ఒకేలా తెల్లగా కనిపిస్తాయి కానీ మందు మాత్రం వేరు.

వికారాబాద్‌లో జరిగింది మొదటిది

ఫోన్ కెమెరా ఫ్రేమ్‌లో పడిన వెలుగుని కొలిచి, మొత్తంగా మరీ చీకటి కాకుండా, మరీ వెలుగు కాకుండా మధ్యరకం బూడిద రంగు దగ్గరికి తేవాలని చూస్తుంది. ఇప్పటి ఫోన్లు సీన్‌ని గుర్తుపట్టి కొంత సర్దుతాయి గానీ మీటరింగ్ మూల సూత్రం ఇదే. అనంతగిరిలో ఫ్రేమ్‌లో ముప్పావు వంతు ముదురు చెట్లే. చీకటిగా ఉందనుకుని ఫోన్ వెలుగు పెంచేసింది. దాంతో అడవి బాగుపడింది, ఆకాశం పొంగిపోయింది.

సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్‌ని చిన్న బిందె అనుకోండి. నిండాక ఇంకెన్ని నీళ్లు పోసినా అది నిండిన బిందే. మబ్బు అంచు, మబ్బు నడుమ రెండూ నిండిపోతే వాటి మధ్య తేడా ఫైల్‌లో ఎక్కడా ఉండదు. జేపెగ్‌లో అయితే అక్కడంతా 255 అని ఒకటే నంబర్. ఏ యాప్ అయినా లేని తేడాని ఎక్కడి నుంచి తెస్తుంది? చీకటి వైపు పరిస్థితి ఇంత ఘోరంగా ఉండదు. అడుగున నాలుగు చుక్కలున్నా వాటిని ఎడిటింగ్‌లో పైకి లాగొచ్చు, కాస్త గ్రెయిన్ వస్తుందంతే. అందుకే తప్పు చేయక తప్పదనుకుంటే చీకటి వైపే చేయండి.

చేయాల్సింది చిన్న పనే. ఆకాశంలో బాగా వెలుగున్న చోట వేలితో నొక్కి పట్టుకోండి, ఎక్స్‌పోజర్ లాక్ అవుతుంది. పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని మబ్బుల్లో గీతలు కనిపించేదాకా కిందికి జరపండి. ఐఫోన్‌లోనూ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ పద్ధతి దాదాపు ఇదే. పిక్సెల్‌లో మొత్తం వెలుగుకి ఒకటి, షాడోస్‌కి ఒకటి రెండు వేర్వేరు స్లైడర్లు ఉంటాయి. ఈ పనికి నాకు అదే ఎక్కువ నచ్చింది.

ఎంత తగ్గించాలి? ఒక స్టాప్ తగ్గించడం అంటే వెలుగు సగం చేయడం, అంటే 1/100 షట్టర్‌ని 1/200 చేయడం. నా అనుభవంలో మైనస్ 0.7 నుంచి మైనస్ 1.3 మధ్య సరిపోతుంది. రెండు స్టాప్‌లు దించేస్తే అడవిని పైకి లాగినప్పుడు గ్రెయిన్ మామూలుగా రాదు, ఫోన్ సెన్సర్ చిన్నది మరి. ప్రో మోడ్‌లో హిస్టోగ్రామ్ ఉంటే అంకెలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కుడి గోడకి గుట్ట ఆనుకుని నిలబడితే ఆకాశం పోతున్నట్టు. గోడకి కాస్త ఇవతల ఆగేలా చూసుకోండి, ఐఎస్ఓ కనిష్ఠంలో ఉంచండి. మీ ఫోన్ రా ఫైల్ ఇస్తే అది కూడా ఆన్ చేయండి. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే, రా లో అంతకన్నా చాలా ఎక్కువ. స్నాప్‌సీడ్‌లోనో లైట్‌రూమ్‌లోనో చెట్లని మాత్రమే కొంచెం పైకి తేవచ్చు. శాచురేషన్ జోలికి పోకండి, అనంతగిరి ప్లాస్టిక్ అడవిలా తయారవుతుంది.

పొగమంచు ఉన్న పొద్దున మాత్రం ఈ లెక్కంతా తిరగబడుతుంది. ఫ్రేమ్ నిండా తెలుపే కనిపించేసరికి కెమెరా భయపడి దాన్ని బూడిద రంగులోకి దించేస్తుంది. అప్పుడు ప్లస్ 0.7 పెట్టి మంచుని మంచులా ఉండనివ్వాలి. కోట్‌పల్లి రిజర్వాయర్ దగ్గర ఈ సంగతి మర్చిపోయి మైనస్‌లోనే కొట్టుకుంటూ పోయాను. నీళ్లు, మంచు, పడవలు అన్నీ ఒకటే మురికి రంగులో వచ్చాయి.

తాండూరులో అసలు ఆకాశమే లేదు

వికారాబాద్ జంక్షన్‌లో వాడి వైపు రైలెక్కితే సుమారు 40 కిలోమీటర్లలో తాండూరు. నాపరాళ్ల క్వారీలు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు, రోజంతా తిరిగే లారీలు. వేసవి మధ్యాహ్నం అక్కడ నేర్చుకున్నవన్నీ చేశాను. లాక్ చేశా, మైనస్ 1 పెట్టా, రా తీశా. ఆకాశం తెలుపు నుంచి బూడిదకి మారింది, అంతే.

కారణం గాలిలో ఉంది. గాలి అణువులు చాలా చిన్నవి, నీలి కాంతిని ఎక్కువగా చెదరగొడతాయి. ఆకాశం నీలంగా కనిపించేది అందుకే. దుమ్ము రేణువులు పెద్దవి, అన్ని రంగుల్నీ దాదాపు సమానంగా చెదరగొడతాయి. అన్నీ కలిస్తే తెలుపు. దిగంతం వైపు చూస్తే ఇంకా ఎక్కువ దుమ్ములోంచి చూస్తున్నట్టు లెక్క. క్లిప్ ఆన్ పోలరైజర్ ఫిల్టర్ కొనమని చాలామంది చెప్తారు. నిర్మలమైన రోజున, సూర్యుడికి 90 డిగ్రీల దిక్కున అది బాగా పనిచేస్తుంది. ఇంత దుమ్ములో దాని మీద పెట్టే డబ్బు దండగ.

ఆ రోజు తాండూరు వెళ్లింది ఊరికే కాదు. నా ఫ్రెండ్ వాళ్ల నాన్న అక్కడ ఒక పాలిషింగ్ యూనిట్‌లో ముప్పై ఏళ్లు చేసి పని మానేస్తున్నాడు. యార్డులో బండల ముందు నిలబెట్టి ఒక మంచి ఫోటో తీసిమ్మన్నాడు ఫ్రెండ్. తెల్లటి ఆకాశం చూసి నాకు సిగ్గేసి, ఇంటికెళ్లి ఒక యాప్‌లో బటన్ నొక్కి సాయంత్రపు నారింజ మబ్బులు పెట్టి పంపించా. లైకులు బాగానే వచ్చాయి. మరుసటి వారం కలిసినప్పుడు ఆయన ఫోన్ దూరంగా పట్టుకుని చూసి అన్నాడు:

'గీ మొగులు యాడికెల్లి తెచ్చినవ్ బిడ్డా? నీడ జూస్తే నా కాళ్ల కిందనే ఉంది గదా.'

నడినెత్తిన ఎండలో పొట్టి నీడ, వెనకాల సూర్యాస్తమయం! ముప్పై ఏళ్లు ఆ ఎండలో పనిచేసిన మనిషికి చూపించా దాన్ని. ఆకాశం మార్చే ఫీచర్‌ని వాల్‌పేపర్లకి వాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నిజమైన చోటు, నిజమైన మనిషి ఉన్న ఫోటోకి మాత్రం నేను వాడటం మానేశా.

తెల్ల ఆకాశానికి నిజమైన మందులు రెండే. ఒకటి, దాన్ని ఫ్రేమ్‌లోంచి తీసేయడం. ఫోన్ కిందికి వంచితే చాలు, తాండూరులో నేల మీద ఏం తక్కువని? దొంతర్లుగా పేర్చిన నీలి, పసుపు బండలున్నాయి, 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తాండూరు కంది చేలున్నాయి. టెలీ లెన్స్ ఉంటే మరీ మంచిది. రెండు, వాన పడి వెలిసేదాకా ఆగడం. వాన దుమ్ముని కడిగేస్తుంది, ఆ తర్వాత కొన్ని గంటలు నీలం నీలంలా ఉంటుంది.

జూన్‌లో మళ్లీ వెళ్లా. అప్పుడే వాన వెలిసింది, సాయంత్రం ఐదున్నర. సూర్యుణ్ణి నా వీపు వెనక పెట్టుకుని, ఆకాశానికి ఫ్రేమ్‌లో ఐదో వంతే ఇచ్చా. ఐఎస్ఓ 50, షట్టర్ 1/320, మైనస్ 0.7. తడి బండల్లో కూడా మబ్బు కనిపిస్తోంది. ఎడిటింగ్‌లో షాడోస్ కొంచెం పెంచా, ఇంకేం ముట్టుకోలేదు. నాకైతే అదే నచ్చింది. ఆయన ఫ్రేమ్ కట్టించుకున్నది మాత్రం అదే రోజు తీసిన ఇంకొకటి. అందులో ఆకాశం అసలు లేదు. బండల దొంతర, దాని మీద ఆయన చెయ్యి.