మఠం తేల్చిన ఆయుష్షు లెక్క

ఒకే వయసున్న భార్యాభర్తలు టర్మ్ పాలసీకి వెళ్తే సాధారణంగా భార్యకు ప్రీమియం కాస్త తక్కువ పడుతుంది. కంపెనీకి ఆవిడ మీద ప్రత్యేక అభిమానమేమీ లేదు... ఆడవాళ్లు ఎక్కువకాలం బతుకుతారని దాని దగ్గరున్న లెక్కలు చెబుతాయి, అంతే! మరి ఆ తేడా పుట్టుకతో వచ్చిందా, బతికే తీరుతో వచ్చిందా?

సిగరెట్లు, మద్యం, ప్రమాదకరమైన పనులు... ఇవన్నీ మగవాళ్ల జీవితాల్లోనే ఎక్కువ. మరోపక్క హార్మోన్లు, క్రోమోజోముల పాత్రా ఉంది. అన్నీ కలగలిసిపోయాక దేని వాటా ఎంతో చెప్పాలంటే ఆడా మగా ఒకేలా బతికే చోటు ఒకటి దొరకాలి. జర్మన్ జనాభా శాస్త్రవేత్త మార్క్ లూయ్‌కి అది బవేరియాలోని క్యాథలిక్ మఠాల్లో దొరికింది. వేళకు నిద్రలేవడం, వేళకు భోజనం, ప్రార్థన, పని, పెళ్లీ పిల్లలూ లేని జీవితం... సన్యాసినులకైనా సన్యాసులకైనా దినచర్య ఇంచుమించు ఒకటే. పైగా ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎప్పుడు చేరారు, ఎప్పుడు కన్నుమూశారు అన్నది తేదీలతో సహా మఠాల దస్త్రాల్లో ఉంటుంది.

1890 నుంచి 1995 వరకూ 11,600 మందికి పైగా వివరాల్ని ఆయన పరిశీలించారు. లెక్క కట్టే పద్ధతి వినడానికి తేలికే. ఒక్కో వయసులో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో ఏడాది తిరిగేలోగా ఎంతమంది పోయారు అన్నది చూసి, ఆ నిష్పత్తుల్ని వరసగా పేర్చుకుంటూ పోతే వచ్చేదే జీవన పట్టిక. 1662లో లండన్ మరణాల జాబితాలు ముందేసుకుని జాన్ గ్రాంట్ వేసిన లెక్క దీనికి తొలిరూపం. కాకపోతే మఠాల దగ్గర ఓ మెలిక ఉంది. ఇరవై రెండేళ్లకి చేరిన మనిషి అప్పటిదాకా బతికి ఉన్నాడు కాబట్టే చేరగలిగాడు! ఆ 22 ఏళ్లనీ మఠం ఖాతాలో వేస్తే అక్కడివాళ్లకి చిన్నవయసులో చావే లేదన్నట్టు కనిపిస్తుంది. అందుకే ప్రతి ఒక్కరినీ చేరిన రోజు నుంచే లెక్కలోకి తీసుకోవాలి.

ఫలితాలు 2003లో వెలువడ్డాయి. 1980ల్లో పశ్చిమ జర్మనీలో ఆడా మగా ఆయుష్షుల మధ్య తేడా ఆరేళ్ల పైమాటే. మఠాల్లో మాత్రం యౌవనం నుంచి మిగిలిన ఆయుష్షుని పోలిస్తే శరీరం వల్ల ఆడవాళ్లకి కలిసొచ్చేది ఏడాదికి అటూఇటూ మాత్రమేనని తేలింది! సన్యాసినులు ఇంచుమించు బయటి ఆడవాళ్లలాగే బతికారు. తేడా కరిగింది సన్యాసుల వైపు నుంచి. వాళ్లు బయటి మగవాళ్లకంటే ఎక్కువేళ్లు ఉన్నారు. మఠంలో చేరేవాళ్లంతా మామూలు జనానికి నమూనా కారన్న అభ్యంతరం సబబే. అయినా ఆరేళ్లకీ ఒక్క ఏడాదికీ మధ్య దూరం తక్కువేం కాదు.

మన దేశం లెక్కలైతే ఇంకా చిత్రం. నమూనా నమోదు పట్టికల ప్రకారం 1970-75లో మగవాళ్ల సగటు ఆయుర్దాయం 50.5 ఏళ్లు, ఆడవాళ్లది 49. అవును, ఇక్కడ ఆడవాళ్లే ముందు పోయేవారు! కాన్పు కష్టాలు, ఆడపిల్లకి తిండిలోనూ వైద్యంలోనూ చిన్నచూపు... వాటి ముందు శరీరం ఇచ్చిన వరం ఏపాటిది? 1981-85 నాటికి ఆడవాళ్లు కొద్ది తేడాతో ముందుకొచ్చారు. 2016-20కి మగవాళ్లది 68.6 ఏళ్లు, ఆడవాళ్లది 71.4. ఈ యాభై ఏళ్లలో వాళ్ల క్రోమోజోములేమీ మారలేదు. మారినవి ఆసుపత్రి కాన్పులూ, టీకాలూ, కంచంలో అన్నమూ.