బూజు గింజలు – చూడి పందులు

 

పోయిన ఏడు మా ఇంట్లో చూడి అనుకున్న పంది 114 రోజులు దాటినా ఈనలేదు. పడుచు పందులు ఎదకొచ్చినట్టే కనబడేవి గాని చూడి కట్టలేదు. పక్కింటి అవ్వ కన్ను పడిందని మావాళ్లు ఆమెతో మాటలు మానేశారు.

పశువుల డాక్టరు గారు వచ్చి అటక మీది మొక్కజొన్న కంకులు దించమన్నారు. కంకుల మొనలకు గులాబి రంగు బూజు ఉంది. మనం తినలేమని అదే పందులకు ఉడకేసి పెడుతున్నాం! "నాకు దీని మీదే అనుమానం, ముందు ఈ మేత ఆపండి" అన్నారు.

ఆ బూజు పేరు ఫ్యుజేరియం. అది జియరాలినోన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. ఈ విషం ఆడజీవుల్లో ఉండే ఈస్ట్రోజన్ హార్మోనును పోలి ఉంటుంది. అందుకే ఒళ్లు మోసపోతుంది. ఎద లేకున్నా జననాంగం వాస్తుంది, చూడి నిలవదు. కోళ్ల కంటే పందులకు దీని దెబ్బ ఎక్కువ. ఉడకబెడితే బూజు చస్తుంది గాని విషం పోదు.

బూజు విషాలు ఇంకో పని కూడా చేస్తాయి. ఇనుముకు తుప్పు పట్టినట్టు వీర్యకణాలను, అండాలను ఆక్సీకరణంతో పాడుచేస్తాయి. దీన్ని అడ్డుకునేవే యాంటీ ఆక్సిడెంట్లు. ఆకుకూరల్లో, మొలక గింజల్లో ఇవి ఉంటాయి. 1922లో అమెరికాలో ఎవాన్స్, బిషప్ అనే శాస్త్రవేత్తలు ఎలుకలకు ఒక రకం మేత పెట్టగా కడుపులో పిల్లలు నిలవలేదు. లెట్యూస్ ఆకులు పెడితే నిలిచాయి. ఆ ఆకుల్లో ఉన్నదే విటమిన్ ఇ. దాని మరో పేరు టోకోఫెరాల్. గ్రీకు భాషలో 'టోకోస్' అంటే కాన్పు.

అలాగని ఆకులు పెట్టి బూజు గింజలు మేపొద్దు. ఆకు విషానికి విరుగుడు కాదు, ఒంటికి బలం మాత్రమే. గింజను బాగా ఎండబెట్టడమే అసలు మందు.

ఎండిందో లేదో ఇలా చూడండి. పొడి సీసాలో మూడో వంతు గింజలు, ఒక చెంచా పొడి ఉప్పు వేసి బాగా కుదపండి. కాసేపు ఆగి చూడండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే గింజలో తడి ఉన్నట్టే. మళ్లీ ఎండబెట్టాలి.

పశువులు ఈసుకుపోవడానికి వేరే రోగాలు కూడా కారణం కావచ్చు. కాబట్టి డాక్టరుకు చూపించాలి. మేత మార్చాక మా పడుచు పందుల్లో ఒకటి చూడి కట్టింది. అది ఈనిన రోజు అమ్మ వెళ్లి అవ్వను పిలుచుకొచ్చింది.

సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మీరూ ఒకసారి అటక ఎక్కి చూడండి. మనుషుల్ని అనుమానించే ముందు కంకుల్ని అనుమానించండి.

– 9వ తరగతి విద్యార్థిని