కంప్యూటరు మనదే, పెత్తనం ఎవరిది?

విజ్ఞానశాస్త్రం చదివే మనకు కొలత కొత్త కాదు. కొలవనిదే శాస్త్రం లేదు. కాని ఎవరు కొలుస్తున్నారు, ఎవరి వస్తువును కొలుస్తున్నారు, ఆ లెక్క ఎవరి చేతికి పోతోంది అన్న మూడు ప్రశ్నలు కూడా శాస్త్రంలో భాగమే. ఇళ్ళల్లో, ల్యాబుల్లో మనం రోజూ ముందు కూర్చునే కంప్యూటర్ల విషయంలో ఈ ప్రశ్నలు అడిగేవాళ్ళు తక్కువ.

మాది డెల్టాలో వరి పండించే కుటుంబం. మా వైపు పిల్లవాడి చదువుకు కంప్యూటరు కొనాలంటే ధాన్యం డబ్బులు చేతికి రావాలి. అప్పుడైనా కొనేది చాలాసార్లు ఎవరో వాడి అమ్మేసిన సెకండ్ హ్యాండుదే. అలా కొన్న యంత్రం కొన్నవాడి మాట వినాలా, చేసినవాడి మాట వినాలా? ఈ వ్యాసంలో నేను చర్చించదలచింది ఇదే.

టెలిమెట్రీ అంటే ఏమిటి?

గ్రీకు భాషలో టెలి అంటే దూరం, మెట్రాన్ అంటే కొలత. దూరాన ఉన్న వస్తువు స్థితిగతులను మనమున్న చోటే కూర్చుని తెలుసుకోవడం టెలిమెట్రీ. శ్రీహరికోటలో లేచిన రాకెట్టు వేగం, ఇంజనులో పీడనం, ఉష్ణోగ్రత నేల మీది శాస్త్రజ్ఞులకు ఈ పద్ధతిలోనే అందుతాయి. కృష్ణా జలాల పంపకంలో రెండు తెలుగు రాష్ట్రాల మధ్య నడిచిన వాదాల్లో టెలిమెట్రీ మాట మనం పేపర్లలో చదివినదే. ఎవరు ఎంత నీరు తీసుకున్నదీ యంత్రం చెబితే తగువు తగ్గుతుందని దాని ఉద్దేశం.

కాబట్టి టెలిమెట్రీ చెడ్డదేమీ కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజికి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు లంక గ్రామాలవాళ్ళు గంట గంటకూ ఆ అంకె కోసమే ఎదురుచూశారు. అయితే ఒకటి గమనించండి. బ్యారేజి దగ్గర నీటిమట్టం కొలుస్తున్నారని అందరికీ తెలుసు. ఆ లెక్క అందరికీ చెబుతారు. కొలిచేది ఏటిని గాని, మన ఇంట్లో బిందెల్ని కాదు.

కంప్యూటరులోంచి ఏం పోతుంది?

కంప్యూటరులోని భాగాలన్నిటి చేతా పనిచేయించే మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. మనలో ఎక్కువమంది వాడేది మైక్రోసాఫ్ట్ వారి విండోస్. విండోస్ 10 విడుదలైంది 2015 జూలై 29న. అప్పటికి హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల గారు ఆ కంపెనీ అధిపతి అయి ఏడాదిన్నర. తెలుగువారు ఆ స్థానానికి చేరారని మనమంతా గర్వపడ్డాం, పడాలి కూడా. గర్వం వేరు, ప్రశ్న వేరు.

యంత్రంలో ఏ ప్రాసెసరు ఉంది, మెమరీ ఎంత, ఏ ప్రోగ్రాము చెడిపోయింది, అప్‌డేటు సరిగా ఎక్కిందా వంటి సమాచారం విండోస్ 10 నుంచి కంపెనీకి పోతుంది. ఇళ్ళల్లో వాడే రకాల్లో దీన్ని తగ్గించుకోవచ్చు గాని పూర్తిగా ఆపే మీట ఇవ్వలేదు. పైస్థాయి ఎంచుకుంటే ఎడ్జ్ బ్రౌజరులో చూసిన సైట్లు, ప్రోగ్రాములు వాడే తీరు కూడా పోతాయి. ఏదైనా ప్రోగ్రాము కూలినప్పుడు పంపే మెమరీ నకలులో మనం అప్పుడు రాసుకుంటున్న ఫైలు తునకలు కూడా పొరపాటున వెళ్ళవచ్చునని కంపెనీ తన పత్రాల్లోనే రాసింది.

కంపెనీ వాదన కూడా వినాలి. కోట్ల యంత్రాల్లో ఎక్కడ లోపం వస్తోందో తెలియకపోతే బాగుచేసేదెలా అంటారు. అది నిజమే. మరి ఎంత సమాచారం కావాలి? ఫ్రాన్సులో పౌరుల సమాచార రక్షణ చూసే సంస్థ సీఎన్ఐఎల్ 2016 జూలైలో ఇదే అడిగింది. అవసరానికి మించి సేకరిస్తున్నారు, మూడు నెలల్లో సరిదిద్దుకోండి అని నోటీసు ప్రకటించింది. 2017 జూన్‌లో ఆ కేసు మూసేనాటికి అడుగుస్థాయిలో పోయే సమాచారం దాదాపు సగానికి తగ్గింది. సగం తగ్గించినా విండోస్ నడిచిందంటే ఆ సగం అవసరం లేనిదేగా! అడిగినవాడు ఉన్నాడు కాబట్టి తగ్గింది.

డ్రైవరు మారితే

ఇక రెండో సంగతి. ప్రింటరు, కెమెరా, ల్యాబులో కొలత పరికరం వంటి వాటితో ఆపరేటింగ్ సిస్టమ్‌ను మాట్లాడించే చిన్న ప్రోగ్రామును డ్రైవరు అంటారు. పేరు బాగా కుదిరింది. పాత ట్రాక్టరు గేరు ఎక్కడ పట్టేస్తుందో, క్లచ్ ఎంత తొక్కాలో దాన్ని నడిపే మనిషికే తెలుసు. రాత్రికి రాత్రి ఎవరో వచ్చి ఆ మనిషిని తీసేసి కొత్తవాణ్ణి కూర్చోబెట్టి పోతే తెల్లారి దుక్కి సాగుతుందా? కంప్యూటరులో ఆటోమేటిక్ అప్‌డేటు చేయగలిగింది ఇదే.

2014 అక్టోబరులో జరిగింది చూడండి. కంప్యూటరుకు పరికరాలు కలిపే యూఎస్‌బీ కేబుళ్ళలో ఎఫ్‌టీడీఐ అనే కంపెనీ చిప్‌లు విరివిగా వాడతారు. వాటికి నకిలీలూ వచ్చాయి. ఆ కంపెనీ కొత్త డ్రైవరు విండోస్ అప్‌డేటు ద్వారా వచ్చి, నకిలీ చిప్ కనబడగానే దాని గుర్తింపు సంఖ్యను సున్నా చేసేసింది. దాంతో ఆ పరికరాన్ని కంప్యూటరు గుర్తించడం మానేసింది. గొడవ చెలరేగాక ఆ డ్రైవరును వెనక్కి తీసుకున్నారు. 2016లో వచ్చిన మరో డ్రైవరు, నకిలీ చిప్ ఉంటే అసలు సమాచారానికి బదులు 'ఇది అసలు పరికరం కాదు' అనే వాక్యాన్ని పంపింది. అంటే మీటరులో పాఠం చూద్దామనుకున్నవాడికి అంకె బదులు మందలింపు వచ్చిందన్నమాట. నకిలీ చిప్ చేసినవాడిది తప్పే. కాని కేబులు కొన్న విద్యార్థికి లోపల ఏ చిప్ ఉందో ఎలా తెలుస్తుంది? శిక్ష పడింది అతనికి.

డ్రైవరు వంటివి ఆపరేటింగ్ సిస్టమ్ నడిగర్భంలో పనిచేస్తాయి. అక్కడ ఒక్క ఫైలు తప్పయినా యంత్రమంతా కూలుతుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేటుతో ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు కూలాయి. ఆ రోజు హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు.

పాత యంత్రం ఉన్నవాడి సంగతి

విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా భాగం కావాలి, ఇంటెల్ ప్రాసెసరయితే కొన్ని మినహాయింపులు పోను ఎనిమిదో తరానిదో ఆ తర్వాతిదో అయి ఉండాలి. సెకండ్ హ్యాండు యంత్రాలు చాలా వాటికి ఆ అర్హత లేదు. మరో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 దాకా, భద్రతా సవరణలు ఇస్తామని కంపెనీ ప్రకటించింది. మన దేశంలో అది ఉచితంగా రావాలంటే మన సెట్టింగులను వారి క్లౌడ్‌లో దాచడం ఒక దారి. డబ్బు కట్టినా సరే, వారి దగ్గర ఖాతా తెరవాల్సిందే. బాగా నడుస్తున్న యంత్రాన్ని మూలన పెట్టాలా, లేక మన వివరాలిచ్చి కాలం పొడిగించుకోవాలా? ఈ ప్రశ్న డబ్బున్నవాడికి రాదు.

మనం చేయగలిగింది

ఏకాంతం ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినంత తేలికగా వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడింది, అమలు దశలవారీగా జరగాలి.

చట్టం దారి చట్టానిది. ఈలోగా మన చేతిలో ఉన్నవీ ఉన్నాయి. విండోస్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద డయాగ్నస్టిక్స్ అండ్ ఫీడ్‌బ్యాక్ తెరిచి, ఆప్షనల్ సమాచారం పంపడం ఆపేయండి. ఏం పోతోందో చూపించే డయాగ్నస్టిక్ డేటా వ్యూయర్ కూడా అక్కడే ఉంది, ఒకసారి తెరిచి చూడండి. అప్‌డేటు తర్వాత పరికరం మొరాయిస్తే డివైస్ మేనేజర్‌లో దాని ప్రాపర్టీస్‌కు వెళ్ళి, రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కితే చాలాసార్లు పాత డ్రైవరు తిరిగి వస్తుంది. మీకు బాగా పనిచేస్తున్న డ్రైవరు కాపీ ఒకటి పెన్‌డ్రైవులో దాచుకోవడం మంచిది.

మరో దారి లినక్స్. దాని మూల ప్రోగ్రాము ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు. డెబియన్ అనే లినక్స్, ఏ ప్రోగ్రాములు వాడుతున్నారో లెక్క పంపమంటారా అని ముందే అడుగుతుంది. మనం ఔనంటేనే పంపుతుంది. మన తెలుగునాట స్వేచ్ఛ అనే సంస్థ లినక్స్ ఆధారంగా తెలుగులోనే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది. కొన్ని ప్రింటర్లు, కొన్ని ప్రోగ్రాములు లినక్స్‌లో నడవవు, అది ఒప్పుకోవాలి. అయినా విండోస్ 11కు పనికిరాదని పక్కన పెట్టిన యంత్రానికి అది మరికొన్నేళ్ళు ఆయుష్షు పోస్తుంది.

మిత్రులారా! ధాన్యం కాటా వేసేటప్పుడు ముల్లు చూసే రైతును ఎవరూ తప్పుపట్టరు. లెక్క చూపించమనడం వ్యాపారిని దొంగ అనడం కాదు. మన విద్యార్థి సంఘం పూనుకుని ల్యాబులో ఒక పాత కంప్యూటరుకైనా లినక్స్ ఎక్కించి, ఇష్టమున్న విద్యార్థులకు నేర్పే ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. దానికి ఖర్చు లేదు, వారంలో ఒక సాయంత్రం చాలు.