తొడుగులోంచి పుట్టిన కిడ్నీ

భిలాయి సుపేలాలో మా తెలుగువాళ్లు చాలామందికి శ్రీకాకుళం జిల్లాలో చుట్టాలున్నారు. ఉద్దానం నుంచి ఫోనొస్తే వానలు, జీడితోటలు అయ్యాక మాట డయాలసిస్ మీదికి మళ్లుతుంది. "వారానికి రెండుసార్లా, మూడా?" అని అడుగుతాం. కవిటి, సోంపేట వైపు ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇంకా తేలలేదు. వాళ్లను బతికిస్తున్న యంత్రం మాత్రం ఓ ఫ్యాక్టరీ సాయంతో పుట్టింది. ఉక్కు ఊరివాళ్లం, ఆ కథ మనం చెప్పుకోవాలి.

1938లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ ఆసుపత్రిలో 22 ఏళ్ల కుర్రాడు కిడ్నీలు చెడి చనిపోయాడు. రక్తంలోంచి రోజూ కాస్త యూరియా తీసేయగలిగితే బతికేవాడన్న బాధ యువ డాక్టరు విలెమ్ కోల్ఫ్‌ను వదల్లేదు. సాసేజ్‌లకు వాడే సెలోఫేన్ తొడుగులో రక్తం పోసి, యూరియా కలిపి, ఉప్పునీళ్లలో ఊపాడు. ఐదు నిమిషాల్లో యూరియా దాదాపు అంతా బయటి నీళ్లలోకి పోయింది. రక్తకణాలు లోపలే ఉండిపోయాయి.

యుద్ధకాలంలో, కాంపెన్ పట్టణంలో ఎనామెల్ ఫ్యాక్టరీ నడిపే బెర్క్ సాయంతో 1943కల్లా యంత్రం తయారైంది. చెక్కబద్దల డ్రమ్ము, దాని చుట్టూ మీటర్ల కొద్దీ సెలోఫేన్ గొట్టం, కింద ఉప్పునీళ్ల తొట్టి. మొదట్లో ఆ యంత్రానికి కలిపిన రోగులు ఒకరి తర్వాత ఒకరు పోయారు. కోల్ఫ్ ఆపలేదు. 1945 సెప్టెంబరులో కోమాలో ఉన్న 67 ఏళ్ల ఆవిడ కళ్లు తెరిచింది.

సెలోఫేన్ ఉత్త జల్లెడ. సందులో పట్టేది పోతుంది, పట్టనిది ఆగుతుంది. మన కణపొర అలా కాదు. రెండు వరుసల కొవ్వు, అందులో ప్రోటీన్ తలుపులు. పొటాషియం తలుపు పెద్దదైన పొటాషియాన్ని వదిలి, అంతకన్నా చిన్నదైన సోడియాన్ని ఆపేస్తుంది! నీటికి వేరే తలుపుంది, ఆక్వాపోరిన్. దాని పని ఇదేనని 1992లో పీటర్ ఆగ్రే బృందం తేల్చింది. ఇవి కాక, శక్తి ఖర్చుపెట్టి మరీ సోడియాన్ని బయటికి తోసే పంపొకటి.

ఈ ఎంపిక, సెలోఫేన్ బదులు ఇప్పటి యంత్రాల్లో వాడే ప్లాస్టిక్ పోగులకూ చేతకాదు. అందుకే ఆ తెలివిని మనం పోగుల బయట పారే నీళ్లలో కలుపుతాం. సోడియం రక్తంలో ఎంతుండాలో నీళ్లలోనూ దాదాపు అంతే ఉంచితే అది పోదు. యూరియా అసలే లేకుంటే రక్తంలోది అటు పరుగెడుతుంది. నిమిషానికి అరలీటరు చొప్పున, నాలుగు గంటల్లో 120 లీటర్ల నీళ్లు ఆ పోగుల పక్కగా పారతాయి.

ఆ నాలుగు గంటలూ అయ్యాక మళ్లీ వెళ్లేదాకా పొటాషియాన్ని బయటికి పంపే దారి దాదాపు ఉండదు. ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. అందుకే ఉద్దానంలో, చుట్టూ కొబ్బరితోటలున్నా, డయాలసిస్ మీదున్న మనిషికి పొటాషియం ఎక్కువుండే బొండం నీళ్లు వద్దంటారు.