సంతకం నుంచి తాళంచెవి

విజయవాడకు ఎదురుగా, కృష్ణా నది దక్షిణపు ఒడ్డున 29 గ్రామాల రైతులు రాజధాని అమరావతి కోసం భూసమీకరణలో పొలాలిచ్చారు. భూముల రికార్డులను ఎవరూ దొంగచాటుగా దిద్దకుండా చూడాలని 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీడన్ సంస్థ క్రోమావే, హైదరాబాద్ సంస్థ జెబి డేటాలతో బ్లాక్‌చెయిన్ ప్రయోగానికి దిగింది. దిద్దుబాటును పట్టివ్వడంలో బ్లాక్‌చెయిన్ గట్టిదే. గుట్టు దాచడం మాత్రం దాని పని కాదు. దస్తావేజు నకలో, వీలునామానో ఆన్‌లైన్‌లో దాచుకోవాలంటే ఎన్‌క్రిప్ట్ చేయాలి, అందుకు తాళంచెవి కావాలి. దాన్ని సర్వర్‌లో పెడితే సర్వర్ నడిపేవాళ్లూ తెరవగలరు. పాస్‌వర్డ్‌గా పెట్టుకుంటే మరిచిపోతాం.

వెబ్ యాప్‌లు రాసేవాళ్లు దీనికో దారి పట్టారు. ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్‌ను వాడే వాలెట్‌లో 256 బిట్ల రహస్య సంఖ్య ఉంటుంది. వాలెట్ దాన్ని యాప్‌కు చూపించదు, దాంతో సంతకం మాత్రం పెట్టి ఇస్తుంది. ఎప్పటికీ మారని ఒక వాక్యం మీద సంతకం పెట్టించి, వచ్చిన 65 బైట్లను హెచ్‌కేడీఎఫ్ అనే గణిత విధానంలోకి పంపితే ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతికి తాళంచెవి తయారవుతుంది. పనయ్యాక చెరిపేయవచ్చు. మళ్లీ కావాలంటే మళ్లీ సంతకం.

అయితే ఆ రెండో సంతకం మొదటిదానితో ఒక్క బిట్ తేడా లేకుండా కలవాలి. ఇథీరియం వాడే ఈసీడీఎస్ఏ సంతకానికి పుట్టుకతో ఆ గుణం లేదు. ప్రతిసారీ ఒక కొత్త యాదృచ్ఛిక సంఖ్య అందులో కలవాలి. వేర్వేరు సందేశాలకు అదే సంఖ్య పడిందా, మామూలు బీజగణితంతో అసలు రహస్యమే బయటికొస్తుంది. సోనీ ప్లేస్టేషన్ 3 గుట్టు 2010లో అలాగే రట్టయింది. 2013 ఆగస్టులో ఆండ్రాయిడ్ ఫోన్ల వాలెట్లలోంచి బిట్‌కాయిన్లు పోయిందీ అందుకే. అదే నెలలో థామస్ పోర్నిన్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 6979 అనే సాంకేతిక పత్రం వెలువడింది. ఆ సంఖ్యను అదృష్టానికి వదలకుండా సందేశం నుంచీ రహస్య సంఖ్య నుంచీ లెక్కగట్టమంది. సందేశం మారకపోతే సంతకమూ మారదు. దొంగతనాలను ఆపేందుకు పుట్టిన ఈ మందు తాళంచెవుల తయారీకి పునాది కావడం నాకెంతో అందంగా కనిపిస్తుంది.

భయపెట్టేదీ ఇక్కడే ఉంది. ఆ వాక్యం రహస్యం కాదు. నకిలీ సైటు అదే వాక్యం చూపించి సంతకం పెట్టిస్తే మన దస్తావేజుల తాళంచెవి దాని చేతికి పోతుంది. ఈఐపీ-712 అనే ఇథీరియం పద్ధతిలో సంతకానికి సైటు పేరును జోడించవచ్చు, కానీ ఆ పేరును సరిచూసే వాలెట్ ఉంటేనే అది అడ్డుపడుతుంది. లాగిన్ కోసం సర్వర్‌కు పంపే సంతకాన్ని తాళంచెవికి అసలు వాడకూడదు. రహస్యాన్ని ముక్కలుగా పంచి నడిచే వాలెట్లు, కాంట్రాక్టు వాలెట్లు ప్రతిసారీ ఒకే సంతకం ఇస్తాయన్న హామీ లేదు. అందుకే యాప్ మొదటిరోజే రెండుసార్లు సంతకం అడిగి పోల్చాలి. కలవకపోతే ఒక్క కాగితాన్నీ తీసుకోకుండా తిప్పి పంపాలి.